అనంతపురంలో పిల్లలతో కాపురం: ముందు నీళ్ళ సంగతి చూసుకోండి, తర్వాతే కొనుగోళ్ళు

బెంగళూరు నుంచి అనంతపురం వచ్చేశాం, తొమ్మిదేళ్ళ పాప, నాలుగేళ్ళ బాబు, ఇంట్లో అత్తమామలు ఉన్నారు, పిల్లలు ఆరోగ్యంగా పెరగాలి, ఇల్లు పర్యావరణానికి భారం కాకూడదు, ఏమేం కొనాలి, ఎక్కడ మొదలుపెట్టాలి అని అడిగారు. మీరు రాసుకున్న లిస్టులో వెదురు బ్రష్షులు, స్టీలు స్ట్రాలు, నెలనెలా ఇంటికొచ్చే ఆర్గానిక్ బాక్సు, కొత్త ఆర్ఓ మెషీను ఉన్నాయి. వీటిలో గట్టిగా ఆలోచించాల్సింది ఆర్ఓ ఒక్కదాని గురించే, అదీ నీళ్ళ పరీక్ష చేయించాక. మిగతావి కొన్నా కొనకపోయినా మీ పిల్లల ఒంటికి గానీ ఊరికి గానీ ఒరిగేది పెద్దగా లేదు. ఆ డబ్బుతో చేయాల్సిన పనులు వేరే ఉన్నాయి. చాలావాటికి డబ్బే అక్కర్లేదు.

నేను ఈ జిల్లా పల్లెల్లోనే ఆరోగ్య శాఖలో సూపర్‌వైజర్‌గా పనిచేసి రిటైరయ్యాను. అందుకే నేను చెప్పేవి ఈ ఊరికి సరిపోయే మాటలు. ఇంటర్నెట్‌లో కనిపించే పర్యావరణ చిట్కాలు చాలావరకు నీళ్ళకు కరువు లేని ఊళ్ళ కోసం రాసినవి. ఇక్కడ ఏడాదికి పడే వానే సుమారు 550 మిల్లీమీటర్లు. కాబట్టి ఇక్కడ ఇంటి ఆరోగ్యం, పర్యావరణం రెండూ నీళ్ళతోనే ముడిపడి ఉంటాయి. తాగే నీళ్ళలో ఏముంది, నిల్వ చేసిన నీళ్ళలో ఏం పెరుగుతోంది, కంచంలోకి వచ్చిన తిండికి పొలంలో ఎన్ని నీళ్ళు పట్టాయి, ఈ మూడూ చూసుకుంటే సగం పని అయిపోయినట్టే.

మొదట తాగే నీళ్ళు. మీ ఇంట్లో మున్సిపల్ కొళాయి ఉందా, బోరు నీళ్ళు వాడుతున్నారా అన్నది మీరు రాయలేదు. అసలు తేడా అక్కడే ఉంది. టౌనుకు వచ్చే కొళాయి నీళ్ళు రిజర్వాయరు నుంచి వస్తాయి, వాటిలో ఫ్లోరైడ్ భయం తక్కువ. బోరు నీళ్ళ కథ వేరు. మన నేల అడుగున ఉన్నది గ్రానైట్ జాతి రాయి. ఆ రాళ్ళలోని ఖనిజాల నుంచి ఫ్లోరైడ్ మెల్లగా నీళ్ళలోకి దిగుతుంది. బోరు లోతుకు పోయేకొద్దీ, నీళ్ళు ఏళ్ళ తరబడి రాతి పగుళ్ళలో నిల్వ ఉండేకొద్దీ ఎక్కువగా దిగే అవకాశం ఉంది. తాగే నీళ్ళలో లీటరుకు 1 మిల్లీగ్రాము దాకా ఉంటే ఫరవాలేదు, వేరే నీళ్ళు దొరకనప్పుడు 1.5 వరకు ఓర్చుకోవచ్చు అన్నది మన దేశ ప్రమాణం. అనంతపురం జిల్లా పల్లెల్లో దాన్ని దాటిన బోర్లు చాలా ఉన్నాయి. 1990ల మధ్యలో సత్యసాయి తాగునీటి పథకం మొదలై ఏడు వందలకు పైగా ఊళ్ళకు నీళ్ళు అందించేదాకా అవే నీళ్ళు తాగి పళ్ళు గారపట్టినవాళ్ళు, నడుములు పట్టేసినవాళ్ళు ఊరూరా కనిపించేవారు.

మీ బాబు వయసు నాలుగు అన్నారు కాబట్టి ఇది మీకు మరీ ముఖ్యం. పాలపళ్ళు ఊడాక వచ్చే శాశ్వత దంతాలు ఇప్పుడు చిగుళ్ళ కింద తయారవుతున్నాయి. ఎనిమిదేళ్ళలోపు ఎక్కువ ఫ్లోరైడ్ ఉన్న నీళ్ళు తాగితే దాని ప్రభావం ఆ పళ్ళ మీద పడుతుంది. పన్ను బయటికొచ్చాక సుద్దముక్కతో గీసినట్టు తెల్లగీతలు, మచ్చలు కనిపిస్తాయి, కొన్నాళ్ళకు అవే గోధుమరంగుకు తిరుగుతాయి. ఎంత తోమినా పోవు. చాలామంది తల్లిదండ్రులు పిల్లాడు సరిగా తోముకోవట్లేదని తిడుతుంటారు, వాడి తప్పేమీ ఉండదు. పాపకు ముందుపళ్ళు వచ్చేసి ఉంటాయి, ఓసారి వెలుతురులో నిలబెట్టి చూడండి.

ఇక్కడ అందరూ పొరబడే విషయం ఒకటుంది. నీళ్ళు మరగబెడితే ఫ్లోరైడ్ పోదు. నీళ్ళు ఆవిరైపోతాయి, ఫ్లోరైడ్ మిగిలే ఉంటుంది, అంటే చిక్కబడుతుంది. క్యాండిల్ ఫిల్టరు, యూవీ ఫిల్టరు, రాగి బిందె, వీటిలో ఏదీ దాన్ని తీయలేదు. ఆర్ఓ తీస్తుంది, యాక్టివేటెడ్ అల్యూమినా ఫిల్టరు తీస్తుంది. కాబట్టి బోరు నీళ్ళయితే ముందు పరీక్ష చేయించండి. గ్రామీణ నీటి సరఫరా విభాగానికి జిల్లాలో ల్యాబ్ ఉంది, నీళ్ళు తీసుకెళ్ళి ఇస్తే పరీక్ష చేస్తారు. శుభ్రంగా కడిగిన లీటరు ప్లాస్టిక్ బాటిల్ తీసుకోండి. బోరు కాసేపు వదిలాక, అదే నీళ్ళతో బాటిల్‌ను తొలిచి, అంచుదాకా నింపి మూత పెట్టండి. ఫ్లోరైడ్‌కు గాజు సీసా వాడొద్దు. టీడీఎస్ (నీళ్ళలో కరిగిన ఉప్పులు, ఖనిజాల మొత్తం), నైట్రేట్ కూడా చూడమని అడగండి. బ్యాక్టీరియా పరీక్షకు మాత్రం స్టెరిలైజ్ చేసిన సీసా కావాలి, అది ల్యాబ్‌నే అడిగి తెచ్చుకోవాలి.

కొళాయి నీళ్ళే అయితే, వాటి టీడీఎస్ లీటరుకు 500 మిల్లీగ్రాముల లోపు ఉంటే, ఆర్ఓ పెట్టించుకోవడం దండగ. మరగకాచి చల్లార్చిన నీళ్ళు చాలు, లేదా యూవీ ఫిల్టరు చాలు. ఇంట్లో పెట్టుకునే మామూలు ఆర్ఓ ఒక లీటరు మంచినీళ్ళు ఇవ్వడానికి రెండు మూడు లీటర్లు వృథాగా వదిలేస్తుంది. టీడీఎస్ 500 లోపు ఉన్నచోట ఆర్ఓలను నిషేధించమని 2019లో జాతీయ హరిత ట్రిబ్యునల్ కేంద్రానికి చెప్పింది కూడా ఇందుకే. మన ఊళ్ళో కడవ నీళ్ళ విలువేంటో మీ అత్తగారిని అడగండి, ఒకప్పుడు ఎంత దూరం నుంచి మోసుకొచ్చారో చెప్తారు. బోరు నీళ్ళలో ఫ్లోరైడ్ ఉండి ఆర్ఓ తప్పదనుకుంటే పెట్టించుకోండి, దాని వృథా పైపును మాత్రం సింకులో వదలకండి. బకెట్‌లోకి పట్టి బండలు తుడవడానికి, బాత్రూం కడగడానికి, ఎంగిలి గిన్నెల మొదటి తొలుపుకు వాడండి. మొక్కలకు రోజూ అవే పోయొద్దు. అందులో ఉప్పులు ఎక్కువ, కుండీలో మట్టి తెల్లగా పొరకట్టి మొక్క మాడిపోతుంది.

వంటకు కూడా ఆర్ఓ నీళ్ళే వాడాలా అని చాలామంది అడుగుతుంటారు. ఫ్లోరైడ్ ఉన్న బోరు అయితే వాడాలి. అన్నం, పప్పు, సంగటి ఉడికేటప్పుడు నీళ్ళన్నీ తిండిలోకే పోతాయి కదా. ఇంకో చిన్నమాట. ఫ్లోరైడ్ ఎక్కువున్న చోట డికాషన్ టీ, నల్ల ఉప్పు తగ్గించుకోవాలి, వాటిలో కూడా ఫ్లోరైడ్ ఉంటుంది. ఉప్పు ఏదైనా సరే అయోడిన్ కలిపినదే వాడండి. పింక్ సాల్ట్ ఆరోగ్యం అని కిలోల లెక్కన తెచ్చుకునేవాళ్ళకు అయోడిన్ సంగతి గుర్తుండదు.

ఇక నిల్వ నీళ్ళు. కొళాయి ఏ రోజు ఎంతసేపు వస్తుందో నమ్మకం ఉండదు కాబట్టి మన ఇళ్ళల్లో సంపు, మిద్దె మీద ట్యాంకు, బాత్రూంలో డ్రమ్ము, పెరట్లో తొట్టి, ఇన్ని ఉంటాయి. డెంగీ దోమకు కావాల్సింది సరిగ్గా ఇదే. ఆ దోమ మురికి కాలువలో గుడ్లు పెట్టదు, ఇంట్లో నిల్వ ఉన్న తేటనీళ్ళు వెతుక్కుంటుంది. వాన తక్కువ పడే ఊళ్ళో డెంగీ ఎలా వస్తుందని ఆశ్చర్యపోతుంటారు, నీళ్ళు దొరక్క దాచుకోవడం వల్లే వస్తుంది.

గుడ్డు దోమ కావడానికి వేసవిలో వారం, పది రోజులు పడుతుంది. అందుకే వారానికోసారి డ్రమ్ములు ఖాళీ చేయాలంటారు, ఆరోగ్య శాఖవాళ్ళు శుక్రవారం డ్రై డే అని చెప్పేది అందుకే. కానీ ఖాళీ చేస్తే సరిపోదు. ఆ దోమ గుడ్లను నీళ్ళలో కాకుండా, నీటి మట్టానికి కాస్త పైన, డ్రమ్ము లోపలి గోడకు అంటించి పోతుంది. నల్లటి ఆవగింజలో పదో వంతు కూడా ఉండవు, కంటికి ఆనవు. డ్రమ్ము ఎండినా అవి నెలల తరబడి చావవు, మళ్ళీ నీళ్ళు పోసి మట్టం అక్కడిదాకా రాగానే పొదుగుతాయి. కాబట్టి కొబ్బరిపీచుతో గానీ గరుకు బ్రష్‌తో గానీ లోపలి గోడలు బాగా రుద్దాలి, అంచు దగ్గర మరీ ముఖ్యంగా. రుద్దిన నీళ్ళు కాలువలో పోయకుండా ఎండిన నేల మీద పారబోయండి. నిండిన డ్రమ్ముకు పాత పంచె గుడ్డ కప్పి తాడుతో బిగించండి. ప్లాస్టిక్ మూత సందుల్లోంచి దోమ దూరుతుంది, గుడ్డలోంచి దూరలేదు.

అందరూ మరిచిపోయేవి రెండున్నాయి. ఒకటి ఎయిర్ కూలరు ట్యాంకు. మే నెల దాటి చినుకులు పడగానే కూలరు ఆపేసి మూలకు నెట్టేస్తారు, అడుగున రెండు వేళ్ళ లోతు నీళ్ళు మిగిలే ఉంటాయి. రెండోది ఫ్రిజ్ వెనక కింద ఉండే ట్రే. ఈ సాయంత్రమే ఫ్రిజ్‌ను ముందుకు లాగి, టార్చి వేసి ఆ ట్రేలో చూడండి. నీళ్ళ మీద చిన్న చిన్న తోకపురుగులు తలకిందులుగా వేలాడుతూ, వెలుతురు పడగానే గిలగిలా అడుగుకు పోతుంటే, మీ ఇంట్లో దోమలు ఎక్కడివో తెలిసిపోయినట్టే. పల్లెల్లో ఇళ్ళు తనిఖీ చేసేటప్పుడు నేను మొదట చూసింది ఎప్పుడూ ఆ ట్రేనే. ఇక దోమల చక్రాల పొగ మూసిన గదిలో పిల్లల పక్కన పెట్టకండి. దోమతెర కొనండి, అన్నిటికంటే చవక అదే. డెంగీ దోమ పగలే కుడుతుంది, కాబట్టి బాబు మధ్యాహ్నం పడుకున్నప్పుడూ తెర ఉండాలి.

మిద్దె నీళ్ళ గురించి ఒక లెక్క చెప్తాను. ఒక చదరపు మీటరు మీద ఒక మిల్లీమీటరు వాన పడితే ఒక లీటరు. మీ మిద్దె వంద చదరపు మీటర్లుంటే, అంటే వెయ్యి చదరపు అడుగుల పైచిలుకు, మన వానకు ఏడాదికి 55 వేల లీటర్లు పడతాయి. ఆవిరయ్యేది, చిందిపోయేది తీసేసినా 40 వేల లీటర్లకు పైనే. అదంతా ఇప్పుడు పైపులోంచి వీధి కాలువలోకి పోతోంది. ఆ పైపును బోరు పక్కన తవ్విన ఇంకుడు గుంతలోకి తిప్పించండి. అడుగున పెద్ద రాళ్ళు, పైన కంకర, ఆ పైన ఇసుక. సీజన్‌లో మొదటి వాన నీళ్ళు మిద్దె మీది దుమ్ము, రెట్టలు మోసుకొస్తాయి, వాటిని బయటికే వదిలేయండి. మన వానలో ఎక్కువ భాగం ఆగస్టు నుంచి అక్టోబరు దాకానే, కాబట్టి జూలైలోపు పని అయిపోవాలి. డబ్బు పెట్టదగ్గ పని ఏదైనా ఉందా అంటే నేను దీన్నే చెప్తాను.

తిండి దగ్గరికి వద్దాం. కిలో బియ్యం పండాలంటే రెండున్నర వేల నుంచి ఐదు వేల లీటర్ల దాకా నీళ్ళు కావాలని లెక్కలు కట్టారు. కొర్రలు, సజ్జలు, జొన్నలు, రాగులు అయితే మన వాన చాలు, కాలువ అక్కర్లేదు. కాబట్టి వారంలో కొన్ని పూటలైనా కంచంలోకి వాటిని తెచ్చుకుంటే ఒంటికీ మంచిది, నేలకూ మంచిది. దీనికి ఆర్గానిక్ బాక్సు ఎందుకు? సంతలో, పాతూరు అంగళ్ళలో అన్నీ దొరుకుతాయి. చెన్నేకొత్తపల్లి దగ్గర టింబక్టు కలెక్టివ్ అనే స్వచ్ఛంద సంస్థ వాళ్ళు 1990 నుంచి పనిచేస్తున్నారు, అక్కడి రైతులు పురుగుమందులు లేకుండా చిరుధాన్యాలు పండిస్తున్నారు. వీలైతే పిల్లల్ని ఒకసారి అటువైపు తీసుకెళ్ళి కొర్ర కంకి ఎలా ఉంటుందో చూపించండి.

కొనేటప్పుడు కొర్రలు ముత్యాల్లా తెల్లగా, నున్నగా మెరుస్తుంటే వద్దనండి. అది పాలిష్ పట్టినది, తవుడుతో పాటు పీచు కూడా పోయి ఉంటుంది. కాస్త మసకగా, పసుపుపచ్చగా ఉన్నవి తీసుకోండి. అయితే కొర్రలు తింటే షుగరు మాయమవుతుంది, క్యాన్సరు తగ్గుతుంది అని వాట్సాప్‌లో తిరిగేవి నమ్మి మూడు పూటలా అవే పెట్టకండి. మామగారికి షుగరుంది అని రాశారు, ఆయన మందులు ఆయన వేసుకోవాల్సిందే.

పిల్లలు సంగటి తినరని మీరు రాసింది మామూలే. బెంగళూరులో ఇడ్లీ, దోసె అలవాటైన పిల్లలకు ఒక్కసారిగా రాగి ముద్ద పెడితే ముఖం తిప్పుకుంటారు. దోసె పిండిలో బియ్యం సగం తీసి కొర్రలు వేయండి, వాళ్ళకు తేడా తెలియదు. ఆదివారం నాటుకోడి పులుసు వండిన రోజు సంగటి చిన్న ఉండ పక్కన పెట్టండి, పులుసు లాక్కెళ్తుంది. రాగుల్లో 100 గ్రాములకు 300 మిల్లీగ్రాములకు పైగా కాల్షియం ఉంటుంది, పాలు ఇష్టపడని పిల్లలకు అది పెద్ద ఆసరా. డబ్బాల్లో వచ్చే మాల్ట్ పొడులు మాత్రం వద్దు. వెనక లేబుల్ చదివితే రాగి కంటే చక్కెర ఎంత ఉందో తెలుస్తుంది. రాగులు నానబెట్టి, మొలకెత్తించి, ఎండబెట్టి ఇంట్లోనే పొడి కొట్టుకోండి. మన ఎండకు ఒక్క పూటలో ఎండిపోతాయి. ఉగ్గాని కూడా మంచి టిఫినే. బొరుగుల్లో బలం తక్కువ, కాబట్టి పుట్నాల పొడి, చెనిక్కాయలు (వేరుశనగలు), ఎర్రగడ్డలు దండిగా వేసి, పక్కన బజ్జీలు మానేసి పెట్టండి. బజ్జీలు లేని ఉగ్గాని ఉగ్గానేనా అని మీ ఆయన అడుగుతారు, నెలకోసారి వేసిపెట్టండి, ఏం కాదు. వేయించిన నూనెను మాత్రం మళ్ళీ మళ్ళీ కాచకండి.

చెనిక్కాయల మాట వచ్చింది కాబట్టి ఇక్కడ కాసేపు ఆగాలి. ఈ జిల్లాలో చట్నీ, ఊరుబిండి, చిక్కీ, వంటనూనె అన్నిట్లోనూ అవే. వాటికి పట్టే బూజుల్లో ఒకటి ఆఫ్లాటాక్సిన్ అనే విషాన్ని తయారు చేస్తుంది. ఏళ్ళ తరబడి కొద్దికొద్దిగా లోపలికి పోతే కాలేయానికి చేటు, కాలేయ క్యాన్సరుకు అదొక కారణమని రుజువైంది. పంట చివర్లో కరువొచ్చి గింజ ముడుచుకుపోయినా, కాయలు సరిగా ఆరకముందే మూటకట్టినా ఈ బూజు పట్టే అవకాశం ఎక్కువ. మన దగ్గర మొదటిది ప్రతి రెండో ఏడూ జరిగేదే. వేయిస్తే కొంత తగ్గుతుందే గానీ పూర్తిగా పోదు.

అందుకని గింజలు పెనం మీద వేయకముందు చాటలో పోసి ఏరుకోవాలి. ముడతలు పడి సన్నబడినవి, పొట్టు నల్లబడినవి, పొట్టు కింద పసుపు కలిసిన ఆకుపచ్చ పొడి కనిపించేవి, రెండు బద్దల మధ్య బూడిదరంగు నూగు ఉన్నవి తీసేయండి. అనుమానం ఉంటే గింజను రెండుగా చీల్చి చూడండి, లోపల తెల్లగా ఉండాలి. నమిలితే చేదు తగిలిన గింజను మింగకుండా ఉమ్మేయమని పిల్లలకు నేర్పండి. ఏరి పారేసినవి ఆవుకు వేయొద్దు, ఆ విషం పాలల్లోకి వస్తుంది. కోళ్ళకు అసలే వద్దు. తొమ్మిదేళ్ళ పాపకు ఈ పని అప్పగించండి, పెద్దవాళ్ళకంటే వాళ్ళ కళ్ళు చురుకు. పొట్టు ఒలిచిన గింజలు నెలలకు సరిపడా కొనేకంటే కాయలుగా కొని, బాగా ఎండబెట్టి, గోనెసంచిలో నేలకు తగలకుండా ఎత్తు మీద పెట్టుకుని, కావలసినప్పుడల్లా ఒలుచుకోవడం మేలు.

గానుగ నూనె గురించి కూడా ఇదే మాట. గానుగ నూనె అనగానే కళ్ళకద్దుకుంటున్నారు. గింజ మంచిదైతే నూనె మంచిదే. పుచ్చులు, ముడుచుకున్నవి చవగ్గా కొని ఆడిస్తే ఆ విషం నూనెలోకీ కొంత దిగుతుంది, గానుగలో దాన్ని తీసే పద్ధతేమీ లేదు. మీరే ఏరిన గింజలు తీసుకెళ్ళి ఎదురుగా ఉండి ఆడించుకోగలిగితే గానుగ నూనె వాడండి. లేదంటే రిఫైన్డ్ నూనె వాడేవాళ్ళను చూసి జాలిపడాల్సిన పనిలేదు.

అన్నం తిన్న వెంటనే టీ, కాఫీ తాగే అలవాటు ఇంట్లో ఉంటే గంట ఆగమనండి. ఆకుకూరల్లో, పప్పుల్లో ఉన్న ఇనుమును టీ ఒంటికి పట్టనివ్వదు. అదే కంచంలో నిమ్మరసం పిండుకుంటే బాగా పడుతుంది. పాపకు, మీకు, అత్తగారికి రక్తం ఎంతుందో ఒకసారి చూపించుకోండి. చెంచలాకు పప్పు, మునగాకు, ఉలవకట్టు, అనపగింజల కూర ఇవన్నీ అత్తగారి చేతి వంటలే అయి ఉంటాయి, వాటిని పాతకాలపువి అని పక్కన పెట్టకండి. ఫిబ్రవరి 10న, ఆగస్టు 10న బళ్ళలో, అంగన్‌వాడీల్లో నులిపురుగుల మాత్ర వేస్తారు. ప్రైవేటు బడి అయినా వేయించండి.

చెత్త. తడి, పొడి, ప్రమాదకర చెత్త వేరు చేసి ఇవ్వడం ఇంటివాళ్ళ బాధ్యత అని 2016 నాటి ఘన వ్యర్థాల నిబంధనల్లోనే చెప్పారు. బండివాళ్ళు మళ్ళీ అన్నీ కలిపేస్తున్నారు, మేం వేరు చేసి ఏం లాభం అని అందరూ అంటారు. మాట నిజమే అయినా, తడి చెత్త అసలు బండికే ఇవ్వకపోతే ఆ గొడవే ఉండదు. మిగిలిన పొడి చెత్తకు వాసన రాదు, ఏరుకునేవాళ్ళు కూడా చేతులు పాడవకుండా తీసుకోగలుగుతారు. పాత పెయింటు బకెట్‌కు అడుగున, పక్కల బొక్కలు పెట్టి, కింద ఎండుటాకులు పరిచి, కూరగాయ తొక్కలు ఒక పొర, వేపాకో కానుగాకో ఎండినది ఒక పొర వేస్తూ పోండి. కంపోస్టు గురించి వీడియోల్లో తడి ఎక్కువైతే కుళ్ళుతుందని జాగ్రత్త చెప్తారు, మన ఎండలకు జరిగేది దానికి ఉల్టా, ఎండిపోయి అలాగే పడి ఉంటుంది. చీమలు పడితే తడి చాల్లేదని అర్థం, పులిసిన మజ్జిగ నీళ్ళలో కలిపి చల్లండి. వాసన వస్తే తడి ఎక్కువైందని అర్థం, ఎండుటాకులు కలపండి. ఎముకలు, మిగిలిపోయిన కూరలు వేయొద్దు. రెండు నెలల్లో నల్లటి ఎరువు వస్తుంది. దాంతో ఒక మునగచెట్టు, ఒక కరివేపాకు, గోగాకు మడి, వీటికి స్నానాల నీళ్ళు మళ్ళించండి. టమాటా, క్యాబేజీ మన పెరట్లో పండించాలని తాపత్రయపడకండి, నీళ్ళ దండగ.

పొద్దున్నే వాకిలి ఊడ్చి, ఆకులూ కవర్లూ కలిపి వీధి మూలన అగ్గిపెట్టే అలవాటు మన ఊళ్ళో ఇంకా పోలేదు. మీ బాబుకు తరచూ దగ్గు అన్నారు, డాక్టరుకు చూపించండి, అలాగే మీ ఇంటి చుట్టుపక్కల ఈ పొగ వస్తోందేమో కూడా చూడండి. ప్లాస్టిక్, అందులోనూ పీవీసీ కాలితే డయాక్సిన్లనే విషాలు పుడతాయి. పక్కింటివాళ్ళతో తగాదా పెట్టుకుంటే వాళ్ళు మానరు. ఆకులు మాకివ్వండి, ఎరువుకు కావాలి అని సంచి పట్టుకుని వెళ్ళండి, చాలామంది సంతోషంగా ఇస్తారు, ఊడ్చినవాళ్ళకు కావాల్సింది ఆ కుప్ప కంటి ముందు నుంచి పోవడమే.

ప్లాస్టిక్ విషయంలో నా పట్టింపు ఒక్కటే, వేడి తిండి అందులో పోయొద్దు. హోటలు సాంబారు, పొగలు కక్కే పప్పు పల్చటి కవర్లో కట్టించుకోవడం మానేసి క్యారియర్ పట్టుకెళ్ళండి. పేపర్ కప్పులో టీ కూడా అంతే, దాని లోపల ప్లాస్టిక్ పూత ఉంటుంది. పావుగంటసేపు అందులో ఉన్న 100 మిల్లీలీటర్ల వేడినీళ్ళలోకి 25 వేల దాకా సూక్ష్మ ప్లాస్టిక్ రేణువులు దిగుతాయని ఐఐటీ ఖరగ్‌పూర్ పరిశోధకులు లెక్కపెట్టారు. 2022 జూలై 1 నుంచి ప్లాస్టిక్ స్ట్రాలు, చెంచాలు, కప్పులు నిషేధంలో ఉన్నాయి, అయినా ఏ పుట్టినరోజు పార్టీకి వెళ్ళినా కనిపిస్తాయి. మీ ఇంట్లో ఉన్న పప్పుల డబ్బాలు ప్లాస్టిక్‌వని పారేసి గాజువి కొనకండి, పగిలేదాకా వాడుకోవడమే పర్యావరణం. వాడిన ప్యాడ్లు, డైపర్లు పేపర్లో చుట్టి, ఎర్ర గుర్తు పెట్టి వేరుగా ఇవ్వండి, టాయిలెట్‌లో వేయకండి, కాల్చకండి.

ఇవన్నీ ఎవరు చేయాలి? ఇలాంటి మంచి అలవాట్లన్నీ చివరికి ఇంటి ఆడమనిషి నెత్తిన పడతాయి, ఆమె ఆఫీసు పని, వంట పని మధ్య మూడు నెలలు చేసి విసిగి మానేస్తుంది. ఎన్నో ఇళ్ళల్లో చూశాను. పనులు మొదట్లోనే పంచేయండి. శుక్రవారం డ్రమ్ములు రుద్దడం మీ ఆయనది, ఎందుకంటే అది బరువు పని. ఫ్రిజ్ ట్రే, కూలరు ట్యాంకు తనిఖీ మామగారిది. గింజలు ఏరడం పాపది. పొడి చెత్త డబ్బాలో వేయడం, మజ్జిగ చల్లడం బాబుకు ఆటలా ఉంటుంది. ఏం వండాలన్నది అత్తగారికి వదిలేయండి, ఆవిడ మిమ్మల్ని చూసి నవ్వుతున్నారని రాశారు గానీ, కొర్రన్నం గంజి వార్చకుండా ఎలా వండాలో ఆవిడను అడిగి చూడండి, నవ్వు ఆగిపోయి కొంగు బిగిస్తారు. ఒకేసారి అన్నీ మొదలుపెట్టొద్దు. నీళ్ళ పరీక్ష, శుక్రవారం పని ఈ నెల, కంపోస్టు వచ్చే నెల, వంటలో మార్పులు మెల్లమెల్లగా.

కరెంటు గురించి అడిగారు. ఏసీ 24 డిగ్రీల కంటే తగ్గించకండి, ఒక్కో డిగ్రీ పెంచితే సుమారు ఆరు శాతం కరెంటు మిగులుతుందని కేంద్ర ఇంధన సామర్థ్య బ్యూరో చెప్తోంది. ఫ్యాను కలిపి వేసుకుంటే 26 కూడా హాయిగానే ఉంటుంది. సోలార్ పెట్టించుకోవాలనుకుంటే మన ఎండకు నష్టం లేదు. 2024లో వచ్చిన పీఎం సూర్యఘర్ పథకం కింద 3 కిలోవాట్లకు 78 వేల రూపాయల దాకా సబ్సిడీ ఉంది, కిలోవాట్‌కు రోజుకు సుమారు నాలుగు యూనిట్లు వస్తాయి. మన దుమ్ముకు పలకలు తరచూ మసకబారతాయి, పైపు పెట్టి కడగకుండా మెత్తటి పొడిగుడ్డతో తుడిచి, తర్వాత అర బకెట్ నీళ్ళతో సరిపెట్టుకోండి.

సోలార్ కంటే ముందు మిద్దెకు సున్నం కొట్టించండి. సున్నంలో జిగురు కలిపి రెండు కోట్లు వేయిస్తే తెల్లటి పూత ఎండను వెనక్కి తిప్పేస్తుంది, కింది గదిలో వేడి తగ్గినట్టు ఆ రోజు రాత్రే తెలుస్తుంది. పైన ట్యాంకుకు కూడా తెల్ల రంగు వేయించండి, లేకపోతే ఏప్రిల్‌లో మధ్యాహ్నం కొళాయి తిప్పితే చేతులు కాలతాయి, పిల్లలు జాగ్రత్త. పని ఫిబ్రవరిలో పెట్టుకోండి, ఉగాది దాటితే మనుషులు దొరకరు, దొరికినా రెట్టింపు అడుగుతారు.